ఆకలా, అజీర్ణమా? చలిలో మొరాయించే 280జెడ్

మిషిగన్‌లో నవంబర్ రాగానే నా 1977 డాట్సన్ 280జెడ్ కారుకి దగ్గు మొదలయ్యేది. కీ తిప్పగానే అందుకునేది. కాలు యాక్సిలరేటర్ మీద పెడితే చాలు, ఇన్‌టేక్‌లోంచి, అంటే గాలి పీల్చే దారిలోంచి, ఫట్‌మని దగ్గి ఆగిపోయేది. పావుగంట బతిమాలితే వేడెక్కి, ఏమీ ఎరగనట్టు పరిగెత్తేది.

చేతక్ స్కూటర్ అయితే చోక్ లాగి తన్నేవాళ్లం. బాష్ ఎల్-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఈ బండిలో ఆ చోక్ పని ముగ్గురు పంచుకుంటారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్టర్ తిరిగే కొద్ది సెకన్లు మాత్రమే అదనంగా పెట్రోల్ చిమ్మేది కోల్డ్ స్టార్ట్ వాల్వ్. వేడెక్కేదాకా కాస్త ఎక్కువ గాలి వదిలేది ఎయిర్ రెగ్యులేటర్. ఎంత చల్లగా ఉందో ఈసీయూకి, అంటే పెట్రోల్ లెక్క చూసే కంప్యూటర్‌కి, చెప్పేది కూలెంట్ సెన్సర్. చాలాసేపు స్టార్టర్ తిప్పితేగానీ అందుకోకపోతే మొదటివాడిని అనుమానించండి. అందుకున్నా ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా తిరగడం) నిలవకపోతే రెండోవాడిని. చల్లటి ఇంజిన్‌లో రెగ్యులేటర్ గొట్టం నొక్కి పట్టుకుంటే ఆర్‌పీఎం పడిపోవాలి, వేడెక్కాక దాదాపు పడకూడదు. ఈ పరీక్ష నిమిషం పని.

అసలు చిక్కు మూడోవాడి దగ్గర. ముందు తేల్చుకోవాల్సింది ఇంజిన్‌ది ఆకలా (పెట్రోల్ చాలకపోవడం), అజీర్ణమా (పెట్రోల్ ఎక్కువవడం) అని. నల్లపొగ, కళ్లు మండించే పెట్రోల్ వాసన ఉంటే అజీర్ణం. ఇన్‌టేక్‌లోంచి దగ్గు వస్తే చాలావరకు ఆకలే. ఇది తేల్చకుండానే నేను సెన్సర్ మార్చాను. తగ్గలేదు. దాని వైరుకి వరసలో చిన్న పొటెన్షియోమీటర్ (తిప్పితే రెసిస్టెన్స్ మారే మీట) పెట్టి, చలి ఎక్కువని ఈసీయూకి అబద్ధం చెప్పించాను. దగ్గు తగ్గింది, పెట్రోల్ ఖర్చు పెరిగింది. అది వైద్యం కాదు, నొప్పి మాత్ర.

సెన్సర్‌ని కొలిచే చోటు ఇంజిన్ కాదు, ఈసీయూ ప్లగ్. డ్రైవర్ ఎడమ పాదం పక్కన ప్యానెల్ వెనక ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసి, ప్లగ్ ఊడదీసి, 13వ పిన్‌కీ బాడీ ఎర్త్‌కీ మధ్య ఓమ్‌లు చూడండి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 2.5 కిలో ఓమ్‌లు, 80 దగ్గర 300 ఓమ్‌ల చిల్లర రావాలి. గడ్డకట్టే చలిలో ఐదారు కిలో ఓమ్‌లు దాటినా కంగారు పడకండి, అది దాని స్వభావం. తర్వాత సెన్సర్ కాళ్ల దగ్గరే కొలవండి. రెండు అంకెలకీ బాగా తేడా ఉంటే సెన్సర్ మంచిదే, మధ్యలో కనెక్టర్ చిలుము పట్టింది. చిలుము రెసిస్టెన్స్ పెంచుతుంది, ఈసీయూ దాన్ని చలి అనుకుని పెట్రోల్ పెంచుతుంది కాబట్టి అజీర్ణమే తెస్తుంది, ఆకలి కాదు. నా బండికి ఆ రోగమే కాదని ఇక్కడ తెలిసింది.

ఆకలికి మొదట వెతకాల్సింది దొంగగాలి. గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో మీటర్ దాటాక లోపలికి దూరే గాలి లెక్కకు రాదు, దానికి తగ్గ పెట్రోల్ పడదు. వేడి ఇంజిన్ ఆ కొరతను ఓర్చుకుంటుంది, చల్లది ఓర్చుకోదు. ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీయండి. అందులోంచి దొంగగాలి దూరి ఇంజిన్ తడబడాలి. నాది పట్టించుకోలేదు, అంటే అప్పటికే ఎక్కడో బెజ్జం ఉంది. పైనుంచి గొట్టాలన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. చిన్న అద్దం పెట్టి కింద చూస్తే, మీటర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య మడతల రబ్బరు గొట్టం అడుగున వేలెడు చీలిక. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ ఊగి అది నోరు తెరుస్తోంది.

గొట్టాలన్నీ బాగున్నా దగ్గు ఆగకపోతే ఫ్యూయల్ ప్రెషర్ చూడండి. ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ వ్యాక్యూమ్ గొట్టం ఊడదీస్తే 36 పీఎస్ఐ దగ్గర నిలవాలి. గేజ్ బిగించేముందు లైన్‌లో ప్రెషర్ వదిలేయండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. చలి పరీక్షలు రోజుకి ఒక్కసారే కుదురుతాయి, బండి రాత్రంతా చల్లారాలి కదా. అందుకే ఓమ్‌ల పని సాయంత్రం ముగించి, మూత, గొట్టాల పని తెల్లారి పెట్టుకునేవాణ్ని.