సెక్షన్ కలవడం లేదా? పది మంది జట్టులో వచ్చే చిక్కులు, వాటి మూలాలు, సరిచేసే దారులు

మన సైన్యంలో ఇన్‌ఫాంట్రీ (పదాతిదళం) సెక్షన్ అంటే కాగితం మీద పది మంది. హవల్దార్ సెక్షన్ కమాండర్. ఆయన తర్వాత నాయక్, ఆయన చూసుకునే ఎల్‌ఎంజీ (లైట్ మెషిన్ గన్) గ్రూపు, మిగిలినవాళ్లు రైఫిల్ గ్రూపు. మూడు సెక్షన్లయితే ప్లటూన్, మూడు ప్లటూన్లయితే కంపెనీ. లెక్క ఎంత పైకి వెళ్లినా, రాత్రిపూట పక్కన నిలబడేది ఈ పది మందిలో ఒకడే.

"మా సెక్షన్‌లో ఐకమత్యం లేదు సాబ్" అని పై అధికారి సుబేదార్ సాబ్‌కి చెప్పడం తేలిక. అది ఒంట్లో జ్వరంగా ఉందని చెప్పినట్టే. ఎందుకొచ్చిందో వేరే చూడాలి. కొత్తగా నాయక్, హవల్దార్ అయినవాళ్లు సాధారణంగా మనుషుల గుణాల దగ్గర మొదలుపెడతారు. వీడు మంచోడు కాదు, వాడికి పొగరు అంటారు. నేనైతే డ్యూటీ నోట్‌బుక్ దగ్గర మొదలుపెట్టమంటాను. కింద రాసిన వాటిలో సగం అందులోనే దొరుకుతాయి.

సమస్య: సెంట్రీ (కాపలా) మార్పిడికి ఆలస్యంగా వస్తున్నారు, రాత్రంతా గొణుగుడు

పైకి క్రమశిక్షణ సమస్యలా ఉంటుంది. పది నిమిషాలు లేటు, నిద్ర లేపితే విసుగు, పొద్దున టీ దగ్గర ఒకడు ఇటు, ఇంకొకడు అటు. ఎక్స్‌ట్రా డ్యూటీ వేసి దారికి తెద్దామని చూస్తారు, ఇంకా చెడుతుంది.

ముందు గత రెండు వారాల నోట్‌బుక్ తీయండి. రాత్రి 2 నుంచి 4 దాకా ఎవరు నిలబడ్డారో ఆ పేర్లు మాత్రం ఒక కాగితం మీద రాయండి. చాలాసార్లు అవే రెండు మూడు పేర్లు కనిపిస్తాయి. ఒకడు అందరికంటే జూనియర్, ఇంకొకడు నోరు లేనివాడు. 8 నుంచి 10 దాకా నిలబడ్డవాడు తర్వాత హాయిగా పడుకుంటాడు. 2కి లేచినవాడి నిద్ర నడిమికి తెగుతుంది. గంటల్లో ఇద్దరి డ్యూటీ సమానమే, ఒంటికి మాత్రం కాదు. ఎవడూ నోరు విప్పి అడగడు గానీ ప్రతివాడూ మనసులో లెక్క వేసుకుంటూనే ఉంటాడు.

సరిచేయడానికి లెక్కే మందు. పది మందిలో ఇద్దరు ఛుట్టీలో (సెలవులో), ఒకడు లంగర్ (వంటశాల) డ్యూటీలో ఉన్నారనుకుందాం. మిగిలింది ఏడుగురు. సెక్షన్ కమాండర్ సెంట్రీలను చెక్ చేస్తూ తిరుగుతాడు, కాబట్టి నిలబడేది ఆరుగురు, అంటే మూడు బడ్డీ జంటలు (ఎప్పుడూ కలిసి పని చేసే ఇద్దరిద్దరు). డబుల్ సెంట్రీ, అంటే ఒకేసారి ఇద్దరు కాపలా, రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా రెండేసి గంటల చొప్పున ఐదు వంతులు. మొదటి రాత్రి వరస: ఒకటో జంట, రెండోది, మూడోది, మళ్లీ ఒకటి, రెండు. రెండో రాత్రి మళ్లీ ఒకటో జంట నుంచి మొదలుపెట్టడంలోనే తప్పు జరుగుతుంది. నిన్న ఆగిన చోటి నుంచి, అంటే మూడో జంట నుంచి మొదలుపెట్టాలి. ఇలా నడిపితే మూడు రాత్రుల్లో ప్రతి జంటకూ సరిగ్గా ఐదు వంతులు వస్తాయి. అంతకంటే ముఖ్యం, ఆ ఐదూ ఐదు వేర్వేరు సమయాలు. 2 నుంచి 4 అందరికీ ఒక్కొక్కసారే. పెన్నుతో వేసి చూసుకోండి, తేడా రాదు.

శత్రువు దగ్గరగా ఉన్న పోస్టులో ఇద్దరినీ ఒకేసారి మార్చకపోవడం మేలు. చీకటికి కళ్లు అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది కాబట్టి గంట తేడాతో ఒక్కొక్కరినీ మారుస్తారు. అప్పుడూ వరస ఇదే, జంటలో రెండోవాడి వంతు గంట ఆలస్యంగా మొదలవుతుంది, అంతే. ఆ కాగితం అందరికీ కనిపించే చోట అంటించండి. ఎవరికైనా జ్వరమొచ్చి ఒక జంటలో ఒకడు తగ్గిన రోజున 2 గంటలకు సెక్షన్ కమాండరే రైఫిల్ పట్టుకుని నిలబడితే, ఆ తర్వాత నెల రోజులు గొణుగుడు వినిపించదు.

సమస్య: భాషల వారీగా, ఊళ్ల వారీగా గుంపులు

మద్రాస్ రెజిమెంట్‌లో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్లు ఒకే బారక్‌లో ఉంటారు. ఆర్టిలరీ, సిగ్నల్స్ లాంటి చోట్ల పంజాబ్ నుంచి మణిపూర్ దాకా అందరూ కలుస్తారు. మనవాడు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది, అది సహజం. "ఏ ఊరు తమ్ముడూ?" అని మొదలై, పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం అని తెలిస్తే ఆ రాత్రి కబుర్లకు అంతుండదు. దాంతో ఎవరికీ నష్టం లేదు.

నష్టం పని దగ్గర వస్తుంది. ముగ్గురు తెలుగువాళ్లు, ఒక బెంగాలీ కలిసి మోర్చా (కందకం) తవ్వుతున్నారు. ముగ్గురూ తెలుగులో మాట్లాడుకుని నవ్వుకుంటే నాలుగోవాడు తన మీదే నవ్వుతున్నారనుకుంటాడు. రేపు పెట్రోల్‌లో (గస్తీలో) "ఆగు" అని తెలుగులో అరిస్తే అతనికి అర్థమే కాదు.

మాతృభాషను నిషేధించడం కొందరు చేసే తెలివితక్కువ పని. ఇంటి భాష లేకపోతే మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. పని మీద హిందీ, విశ్రాంతిలో ఎవరిష్టం వారిది అని గీత గీస్తే చాలు. బడ్డీ జంటలను మాత్రం కచ్చితంగా కలిపి వేయండి. తెలుగువాడికి తెలుగువాడిని బడ్డీగా వేస్తే మొదటి వారం సుఖంగానే ఉంటుంది, ఆరు నెలల తర్వాత సెక్షన్ రెండు ముక్కలవుతుంది. లంగర్‌లో రోజూ రోటీ అయితే మనవాళ్లకు, రోజూ అన్నం అయితే ఉత్తరాదివాళ్లకు కష్టం. ఇది చిన్న విషయం అనుకునేవాడు నెల రోజులు పప్పు మార్చి చూడాలి.

సమస్య: ఛుట్టీ దగ్గర మనసులు విరుగుతున్నాయి

రెగ్యులర్ జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. రోజులు చాలక గొడవ రాదు. తేదీల దగ్గర వస్తుంది. మనవాళ్లందరికీ సంక్రాంతి కావాలి, బిహార్ వాళ్లకు ఛఠ్, మలయాళీలకు ఓణం. నిజానికి వేర్వేరు రాష్ట్రాలవాళ్లు ఉన్న సెక్షన్‌కు ఇది వరం. పండగలు ఒకే రోజు పడవు కాబట్టి ఒకరి పండక్కి ఇంకొకరు డ్యూటీ మోయొచ్చు. జనవరి మొదట్లోనే పది మందినీ కూర్చోబెట్టి ఏడాది ప్లాన్ గీయండి. పెళ్లి, ప్రసవం, పంట కోత, చెల్లెలి నిశ్చితార్థం అన్నీ అందులో పడాలి. తుది మాట కంపెనీ కమాండర్ సాబ్‌దే. కానీ కింది నుంచి ఒప్పుకుని వెళ్లిన ప్లాన్‌ను పైవాళ్లు ఊరికే మార్చరు.

సమస్య: కొత్తవాడు నెల దాటినా ఒంటరిగానే ఉన్నాడు

బారక్‌లో చివరి మంచం, చేతిలో ఫోను, అడిగితే "ఠీక్ హై సర్". ఫోన్ లాక్కోవడం పరిష్కారం కాదు. వాడికి సెక్షన్‌లో చేయడానికి ఏమీ లేదు, అందుకే ఫోన్‌లోకి వెళ్లాడు. కొత్తవాడంటే చీపురు, నీళ్ల డబ్బా, లంగర్ గిన్నెలు. ఈ పనులు అందరూ వంతులవారీగా చేస్తే పనులే, ఒక్కడికే రాసి పెడితే అవమానం.

2022లో అగ్నిపథ్ నియామక పథకం వచ్చాక దీనికి ఇంకో కోణం చేరింది. నాలుగేళ్ల సర్వీసు, ఆ తర్వాత బ్యాచ్‌లో 25 శాతం దాకానే రెగ్యులర్‌గా తీసుకుంటారు. పక్క మంచంవాడు స్నేహితుడా, పోటీదారుడా అన్న టెన్షన్ కుర్రాళ్లకు ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. సెక్షన్ కమాండర్ చేయగలిగింది ఒకటుంది. ఎవరి పని మీదైనా మంచో చెడో అనాల్సి వస్తే దాని కారణం నలుగురికీ తెలిసేలా అనాలి. చాటుగా ఒకడిని మెచ్చుకుంటే మిగిలినవాళ్లు తమ కబురు దాచుకోవడం మొదలుపెడతారు.

తాను చేయకపోతే సెక్షన్‌కు ఇబ్బంది అయ్యే పని ఒకటి కొత్తవాడికి మొదటి వారంలోనే అప్పగించండి. ఎల్‌ఎంజీ నంబర్ టూ (గన్ కాల్చేవాడి సహాయకుడు), లేదా రేడియో బ్యాటరీల లెక్క. పక్కన ఒక లాన్స్ నాయక్‌ను (నాయక్ కంటే ఒక మెట్టు కింద) ఉంచండి. తన పని లేకపోతే సెక్షన్ ఆగుతుందని తెలిసిన రోజున వాడు మంచం దిగి వస్తాడు.

వియత్నాంలో అమెరికా సైన్యం ఈ విషయంలోనే బాగా దెబ్బతింది. యూనిట్లను కాకుండా మనుషులను ఒక్కొక్కరిగా ఏడాది చొప్పున మార్చేది. వారం వారం పాతవాడు వెళ్లేవాడు, ముఖం తెలియని కొత్తవాడు వచ్చేవాడు. మన దగ్గర జవాను సాధారణంగా రిటైరయ్యేదాకా అదే రెజిమెంట్. ఆ బలం మనకు ఊరికే దొరికింది, కొత్తవాడిని చివరి మంచం మీద వదిలేసి పారేసుకోవద్దు.

సమస్య: బారక్‌లో అన్నదమ్ములు, ఎక్సర్‌సైజ్‌లో (యుద్ధ సాధనలో) ఎవరికి వారే

ఇది అన్నిటికంటే మోసం చేసే లక్షణం. వాలీబాల్‌లో కలిసి గెలుస్తారు, బడాఖానాలో (యూనిట్ విందులో) కలిసి డాన్స్ చేస్తారు. రాత్రి పెట్రోల్‌లో సెక్షన్ కమాండర్‌కు "గాయం" అని అంపైర్ చెప్పగానే తొమ్మిది మందీ నిలబడిపోతారు. స్నేహంగా ఉండటం ఒకటి, కలిసి పని చేయగలగడం ఇంకొకటి. మొదటిది ఉంటే రెండోది దానంతట వస్తుందని చాలామంది నమ్మకం. నేను నమ్మను. రెండోది కుదిరితే మొదటిది వెనకాలే రావడం మాత్రం చూశాను.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ప్రతివాడికీ తన పని తెలుసు, పక్కవాడి పని తెలియదు. అందుకని ప్రతి డ్రిల్‌నూ మూడు రకాలుగా చేయించండి. మామూలుగా ఒకసారి. నాయక్ కమాండ్ తీసుకుని ఒకసారి. ఇద్దరూ పడిపోయి, సీనియర్ సిపాయి నడిపిస్తూ ఒకసారి. ఎల్‌ఎంజీ అందరి చేతికీ రావాలి. గాయపడినవాడిని మోసే డ్రిల్‌లో సన్నటివాడిని కాకుండా అందరికంటే బరువైనవాడినే మోయించండి, యుద్ధంలో ఎవడు పడతాడో ఎంచుకోలేం.

డ్రిల్ అయిన వెంటనే, బూట్లు విప్పకముందే, పదిహేను నిమిషాలు గుండ్రంగా కూర్చోండి. ఏం చేయాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎక్కడ వచ్చింది. అందరికంటే జూనియర్ ముందు మాట్లాడాలి, సెక్షన్ కమాండర్ ఆఖరున. ఆయన ముందే మాట్లాడితే మిగిలిన తొమ్మిది నోళ్లూ అదే మాట తిప్పి చెబుతాయి. మొదట్లో "సబ్ ఠీక్ థా సర్" తప్ప ఏమీ రాదు. "నా సిగ్నల్ నీకు కనిపించిందా?" అని సూటిగా ఒకే ప్రశ్న అడగండి. "లేదు సర్, చెట్టు అడ్డం వచ్చింది" అని ఒక్కడు నిజం చెప్పి, దానికి తిట్టు పడకపోతే, మరుసటిసారి ఇంకొకడు చెబుతాడు.

సియాచిన్‌లో మంచు పగుళ్ల మీద పెట్రోల్ వెళ్లేటప్పుడు అందరినీ ఒకే తాడుకు కట్టుకుంటారు. ఒకడు జారితే మిగిలినవాళ్లు ఆపాలి. అక్కడ పక్కవాడి అడుగు నీకు తెలియకపోతే ఎంత స్నేహం ఉన్నా ఉపయోగం లేదు.

సమస్య: బయటకు ఏదీ పొక్కడం లేదు

ఐకమత్యం ఎక్కువైనట్టు కనిపించే సెక్షన్ ఇది. రౌండు (తుపాకీ గుండు) పోయినా, ఎవడైనా తాగి పడిపోయినా, జూనియర్ మీద చెయ్యి పడినా అందరూ ఒక్క మాటే: "మాకు తెలియదు." ఒకడు తప్పు చేస్తే పది మందికీ పనిష్‌మెంట్ వేసే అలవాటు ఉన్న చోట ఇది బాగా పెరుగుతుంది. తప్పు ఎవరిదో వాళ్లకే శిక్ష పడాలి, తానే వచ్చి చెప్పినవాడికి తేడా కనిపించాలి. కొత్తవాళ్లను కొట్టి "కలుపుకునే" ఆచారం ఎక్కడున్నా ఆ రోజే ఆపి, ప్లటూన్ కమాండర్‌కు చెప్పండి. దెబ్బలు తిన్నవాడు కలవడు, తన తర్వాత వచ్చేవాడి కోసం ఎదురుచూస్తాడు.

సమస్య: హవల్దార్‌కూ నాయక్‌కూ పడటం లేదు

పది మందికీ ఇది మొదటి రోజే తెలిసిపోతుంది. ఇద్దరూ విడిగా కూర్చుని ఏ పని ఎవరిదో పంచుకోండి. జవాన్ల ముందు ఒకరి ఆర్డర్‌ను ఇంకొకరు మార్చకూడదు. అప్పటికీ కుదరకపోతే సుబేదార్ సాబ్‌కు చెప్పి ఒకరు సెక్షన్ మారడంలో నామోషీ ఏమీ లేదు.

సెక్షన్‌లో సరిచేయకూడనివి

కొన్ని మీ చేతిలో పెట్టుకోవద్దు. మనిషి తిండి తగ్గించాడు, నిద్ర పోవడం లేదు, సామాన్లు పంచేస్తున్నాడు, ఇంటి ఫోన్ తర్వాత మాట బంద్ అయింది, "ఇక నాతో ఎవరికీ కష్టం ఉండదు" లాంటి మాట అన్నాడు. బడ్డీకి ఇవి అందరికంటే ముందు తెలుస్తాయి. అందుకే ఇలాంటి కబురు చెప్పడం చాడీ కాదని బడ్డీలకు ముందే చెప్పి ఉంచాలి. అదే రోజు ప్లటూన్ కమాండర్‌కూ, ఆయన ద్వారా కంపెనీ కమాండర్‌కూ, యూనిట్ డాక్టర్ సాబ్‌కూ తెలియాలి. ఆ రాత్రి అతనికి ఆయుధంతో డ్యూటీ వేయొద్దు, ఒంటరిగా వదలొద్దు. రోస్టర్‌లో అతని వంతు వచ్చిందా, అక్కడ మీ పేరు రాసుకోండి.