పర్జ్ వాల్వు మార్చకుండానే పి0443 కోడ్ సరిచేసిన అనుభవం

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఆరుబయటే నిలిపే మా పెట్రోలు కారులో చెక్ ఇంజన్ లైటు వెలిగినప్పుడు, కారు లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానరు పి0443 అనే కోడ్ చూపింది. పెట్రోలు ట్యాంకులో పుట్టే ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు క్యానిస్టరు నుంచి దానిని ఇంజన్‌లోకి వదిలే, విద్యుత్తుతో తెరుచుకునే పర్జ్ సోలినాయిడ్ వాల్వు విద్యుత్ వలయంలో లోపముందని దీని అర్థం. లోపం వాల్వులోని కాయిలులో (తీగచుట్టలో) ఉండవచ్చు, ఫ్యూజులోనో, తీగలోనో, కనెక్టరులోనో, అరుదుగా ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరైన ఈసీయూలోనో కూడా ఉండవచ్చు. అందుచేత వాల్వు మార్చేద్దామన్న మెకానిక్ సలహా నాకు తొందరపాటుగా తోచింది.

కనెక్టరు ఊడదీసి వాల్వు పిన్నుల మధ్య మల్టీమీటరుతో కొలిస్తే 26 ఓమ్‌లు వచ్చింది. ఇటువంటి వాల్వులు చాలావాటిలో 20 నుంచి 30 ఓమ్‌ల వరకు ఉంటుంది కనుక కాయిలు తెగలేదు. ఇగ్నిషన్ ఆన్ చేయగా కనెక్టరులో ఒక వైపు 12 వోల్టులు ఉన్నాయి, ఫ్యూజు కూడా బాగున్నట్లే. రెండో తీగను ఈసీయూ విడతలవారీగా ఎర్త్‌కు కలుపుతుంది. వేడెక్కిన ఇంజన్ నడుస్తుండగా, బ్యాటరీ పాజిటివ్‌కూ కనెక్టరులో ఆ తీగ పిన్నుకూ మధ్య పెట్టిన టెస్ట్ ల్యాంపు మిణుకుమిణుకుమనాలి, కానీ వెలగనే లేదు. తీగను కాస్త కదిలించగానే మిణుకుమంది.

పిన్ను వెనుక రాగి పోగులు పచ్చటి చిలుము పట్టి దాదాపు తెగిపోయాయి, రబ్బరు సీలు పగిలి ఉంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది వింతేమీ కాదు. బ్యాటరీ నెగటివ్ తీసి, తీగను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, కొత్త పిన్ను, సీలు వేయించి, తేమ చొరకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు పూశాను. కోడ్ చెరిపాక లైటు మళ్లీ వెలగలేదు.