‘డౌట్’ అనే మాటను ఇంగ్లిషులో సరిగ్గా వాడటం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో గానీ, విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల గానీ ఏ కోచింగ్ తరగతి గుమ్మం దగ్గర కాసేపు నిలబడినా పదే పదే చెవినపడే ఇంగ్లిషు మాట ‘డౌట్’. వెనక బెంచీలోని పిల్లవాడు చెయ్యెత్తి ‘సార్, డౌట్’ అంటాడు. బోర్డు వైపు తిరిగి ఉన్న సారు ‘డౌట్లన్నీ చివర్లో’ అంటారు. ఇంటికి వస్తే, పొయ్యి మీద పాలు చూస్తున్న అమ్మ కూడా ‘ఇవి విరిగిపోతాయేమోనని నాకు డౌటుగా ఉంది’ అంటుంది. ఇంతగా మన నోట నలిగిపోయిన మాట కనుక, ఇంగ్లిషులో రాసేటప్పుడు దాని అర్థం మనకు తెలుసుననే ధీమాతో రాసేస్తాం. చిక్కు అక్కడే వస్తుంది.

విదేశంలో పై చదువుకు దరఖాస్తు పెట్టుకున్న ఒక విద్యార్థి, తాను పంపిన ఉత్తరాన్నీ దానికి వచ్చిన జవాబునూ పట్టుకుని ఒకసారి నా దగ్గరకు వచ్చాడు. అతను రాసిన వాక్యం ఇది: ‘ఐ డౌట్ దట్ మై అప్లికేషన్ ఈజ్ ఇన్‌కంప్లీట్.’ తన దరఖాస్తులో ఏవో కాగితాలు తగ్గాయేమోనని అతని అనుమానం, వినయంగా అదే అడిగాననుకున్నాడు. అవతలివారు మాత్రం ‘నా దరఖాస్తు అసంపూర్ణమంటే నేను నమ్మను’ అని చదువుకున్నారు. అందుకే జవాబు కాస్త బిగుసుకుని వచ్చింది: మీ అభిప్రాయం ఎలా ఉన్నా, రెండు ధ్రువపత్రాలు మాకు ఇంకా అందలేదు. ఆ వాక్యంలో వ్యాకరణదోషం ఒక్కటీ లేదు, అక్షరదోషమూ లేదు. అర్థం మాత్రం పూర్తిగా తలకిందులైంది.

దీనికి కారణం తెలిస్తే సగం పని అయినట్టే. ఇంగ్లిషులో ‘డౌట్’ను క్రియగా వాడినప్పుడు అది ‘కాదు’ వైపు మొగ్గుతుంది. ‘ఐ డౌట్ దట్ హి విల్ కమ్’ అంటే అతను రాడనే నా ఉద్దేశం. మన ‘డౌటు’ చాలాసార్లు ‘అవును’ వైపు మొగ్గుతుంది, ఎందుకంటే దాని పక్కన పైకి కనిపించినా కనిపించకపోయినా ఒక ‘ఏమో’ ఉంటుంది. ‘వాడే తీశాడని నా డౌటు’ అన్నప్పుడు వాడే తీశాడని మన మనసు ముప్పాతిక వంతు తేల్చేసుకున్నట్టే. దీన్ని మాటకు మాటగా ‘ఐ డౌట్ హి టుక్ ఇట్’ అని రాస్తే, నేరం మోపబోయి వాడి తరఫున సాక్ష్యం చెప్పినట్టవుతుంది. అక్కడ రావలసిన క్రియ ‘సస్పెక్ట్’.

కాబట్టి రాసే ముందు చిన్న పరీక్ష ఒకటి చేసుకోవాలి. ‘డౌట్’ పెట్టాలనుకున్న చోట తెలుగులో ‘నమ్మకం లేదు’ అని పెట్టి చదవండి. మీరు చెప్పదలచుకున్నది అదే అయితే ‘డౌట్’ నిక్షేపంగా వాడవచ్చు. అలాకాక ‘ఏమో’ పెడితేనే భావం కుదురుతోందనుకుంటే ‘సస్పెక్ట్’ వాడాలి. జరగబోయేది మీకు ఇష్టంలేనిదైతే ‘ఐ యామ్ అఫ్రెయిడ్’ ఇంకా మర్యాదగా ఉంటుంది. ఆ విద్యార్థి ఉత్తరానికి సరిపోయేది ఈ చివరిదే. ఈ రెండూ కుదరక ‘అడగాలి’ అనే మాట తోస్తే, మీకు కావలసినది ‘క్వశ్చన్’.

ఈ మూడో సందర్భమే తరగతి గదిలోని ‘సార్, డౌట్’. మన ‘సందేహం’ అనే మాటలో తెలియక అడగటమూ ఉంది, నమ్మలేకపోవటమూ ఉంది; ఆ రెండు బరువులనూ కలిపి ‘డౌట్’ నెత్తిన పెట్టాం. దీన్ని తప్పని కొట్టిపారేయటం నాకు ఇష్టం ఉండదు. దేశమంతటా లక్షలమంది అదే అర్థంలో అంటూ, అదే అర్థంలో వింటూ ఉన్నప్పుడు అది ఇక్కడి ఇంగ్లిషులో నిలిచిన వాడుకే. అయితే ఈ వాడుక తెలియని చోటికి రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. ‘ఐ హావ్ ఎ డౌట్ ఎబౌట్ యువర్ ఫీజ్’ అని రాస్తే, ఫీజు ఎంతో అడుగుతున్నారని కాక, వారి లెక్కల్లో ఏదో మతలబు ఉందని మీరు అంటున్నట్టు తోస్తుంది.

క్రియ తరువాత ఏ మాట రావాలన్నది పెద్ద చిక్కేమీ కాదు. ఎటూ తేలని మనసైతే ‘వెదర్’ గానీ ‘ఇఫ్’ గానీ, కాదనే నమ్మకం గట్టిగా ఉంటే ‘దట్’ వాడతారు. ‘ఐ డోంట్ డౌట్’ తరువాత మాత్రం ‘దట్’ రావటమే రివాజు. పొరపాటు ఎక్కువగా జరిగేది ‘నో డౌట్’ దగ్గర. పైకి చూస్తే తిరుగులేని మాటలా కనిపిస్తుంది గానీ, వాక్యం మొదట్లో వచ్చినప్పుడు దాని బలం మన ‘బహుశా’కు కాస్త ఎక్కువగా, ‘నిస్సందేహంగా’కు బాగా తక్కువగా ఉంటుంది. ‘నో డౌట్ హి ఈజ్ ఎ గుడ్ టీచర్’ అని మొదలుపెట్టినవారు వెంటనే ‘బట్’ అంటారని వినేవారు ఎదురుచూస్తారు. ‘మంచి మాస్టారే, కాదనను, కానీ’ అన్నట్టన్నమాట. అందువల్ల సిఫార్సు ఉత్తరంలో దీన్ని వాడకపోవటం మేలు. అక్కడ ‘వితౌట్ డౌట్’ అనాలి.

‘డౌట్‌ఫుల్’, ‘డ్యూబియస్’ అనే రెండు విశేషణాలకు మధ్య కూడా ఒక గీత ఉంది. వానవల్ల ఆట జరిగేది అనుమానమైతే అది డౌట్‌ఫుల్. తక్కువ ధరకే స్థలం ఇప్పిస్తానని వచ్చి, దస్తావేజులు అడిగితే మాట దాటవేసే మనిషి వ్యవహారం డ్యూబియస్.

ఈ రెండో మాటను గుర్తు పెట్టుకుంటే ‘డౌట్’ స్పెల్లింగులో పలకని ‘బి’ ఎందుకుందో మరచిపోరు. లాటిన్‌లో ‘డ్యూబియస్’ అంటే ఎటూ తేల్చుకోలేనివాడు, ‘డుబిటారే’ అంటే అలా ఊగిసలాడటం. ఆ క్రియ ఫ్రెంచిలోకి వచ్చేసరికి ‘బ’కారం అరిగిపోయి ‘డూటే’ అయింది. ఇంగ్లిషువారు ఫ్రెంచి నుంచి తీసుకున్నది ఆ అరిగిన రూపాన్నే కనుక, మొదట్లో ‘బి’ లేకుండానే రాశారు. తరువాత లాటిన్ మీద మోజు ముదిరిన పండితులు, మాట పుట్టుక కంటికి కనబడాలని ‘బి’ని తిరిగి చొప్పించారు, అప్పు అనే అర్థంలోని ‘డెట్’కూ అదే చేశారు. రాత మారింది గానీ నాలుక మారలేదు. షేక్‌స్పియర్ తన నాటకం ఒకదానిలో, జనం ఈ రెండు మాటల్లోనూ ‘బి’ని పలకటం లేదని వాపోయే బడిపంతులును పెట్టి ఈ పాండిత్యాన్ని నవ్వులపాలు చేశాడు. మనవాళ్లు మాత్రం చెవితో నేర్చుకున్నారు కనుక చక్కగా ‘డౌట్’ అనే అంటారు.

లాటిన్ ‘డ్యూబియస్’లో దాగి ఉన్నది ‘డుఓ’, అంటే రెండు. మన సంస్కృత ‘ద్వి’కి అది తోబుట్టువు. రెండు దారుల మధ్య నిలిచిన మనసే సందేహమనే ఊహ వారికి ఒక్కరికే రాలేదు. అమరకోశం సందేహానికి పర్యాయపదంగా ‘ద్వాపరము’ను చెబుతుంది, యుగం పేరుగా మాత్రమే మనకు మిగిలిన ఆ మాటలోనూ రెండు ఉంది. జర్మన్లు సందేహాన్ని ‘ట్స్వైఫెల్’ అంటారు, వారి రెండు ‘ట్స్వై’. ప్రసంగవశాత్తు ఒక మాట: ఇంగ్లిషులో దేనినీ కళ్లారా చూడనిదే నమ్మనివారిని ‘డౌటింగ్ టామస్’ అంటారు. యేసు చనిపోయి తిరిగి లేచాడంటే వెంటనే నమ్మని ఆయన శిష్యుడు తోమా పేరు మీద వచ్చిన నుడికారం అది. ఆ పేరుకు అర్థం కవల. ఇది కాకతాళీయమే గానీ, విన్నాక మరచిపోలేం.

పుట్టుక తెలుసుకోవటం వల్ల ఒక్కోసారి ఇప్పటి వాడుక మీద కూడా కొత్త వెలుగు పడుతుంది. పాత ఫ్రెంచిలోనూ, పాత ఇంగ్లిషు రాతల్లోనూ ఈ క్రియకు భయపడటమనే అర్థం కూడా ఉండేది. ఇప్పటికీ ఎదిరించటానికి జంకు పుట్టించే మనిషిని ఇంగ్లిషులో ‘రిడౌటబుల్’ అంటారు. మన ‘శంక’లోనూ సరిగ్గా ఈ రెండూ ఉన్నాయి: అనుమానమూ ఉంది, భయమూ ఉంది. అమ్మ పాల గురించి పడే శంక అటువంటిదే.

ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు కూడా. స్కాట్లాండు వాడుకలో ‘ఐ డౌట్ ఇటిల్ రెయిన్’ అంటే వాన పడదని కాదు, పడేలాగే ఉందని. అంటే ‘ఏమో’ను కడుపులో దాచుకున్న మన గుంటూరు డౌటుకు అక్కడ ఒక చుట్టం ఉన్నట్టే. ఈ సంగతి చెబితే ఆ విద్యార్థి ముఖం ఒక్క క్షణం వెలిగింది. అయితే అతను దరఖాస్తు పెట్టిన చోటు స్కాట్లాండులో లేదు. ఇద్దరం కూర్చుని ‘ఐ యామ్ అఫ్రెయిడ్’ అని మార్చి, రెండు ధ్రువపత్రాలూ జతచేసి, ఉత్తరం మళ్లీ పంపాం.