కోట్ దు రోన్ రెడ్ వైన్ కొనడం, వడ్డించడం ఎలా?

ఫ్రెంచ్ వైన్ సీసా పట్టుకోగానే చాలామందికి టెన్షన్. చాలా లేబుళ్ల మీద ద్రాక్ష రకం కనిపించదు, ఊళ్ల పేర్లే ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ఫ్రాన్స్‌లోని రోన్ నది లోయ నుంచి వచ్చే కోట్ దు రోన్‌తో మొదలుపెట్టొచ్చు. తీపి ఉండదు, నోటికి మరీ బరువుగా అనిపించదు.

1. లేబుల్ చదవండి

సగం పని ఇక్కడే అయిపోతుంది. రోన్ నది స్విస్ ఆల్ప్స్‌లో పుట్టి, లియోన్ మీదుగా దక్షిణానికి మళ్లి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. ఆ లోయలోని తోటల వైన్‌కు 1937లో ఈ పేరు మీద చట్టబద్ధమైన హక్కు దక్కింది. ఉత్తరాన నిటారు వాలుల్లో ఎర్ర ద్రాక్షంటే సిరా (Syrah) అనే రకమే. ఎక్కువ వైన్ వచ్చేది మాత్రం దక్షిణాన, అవిన్యోన్ నగరం చుట్టుపక్కల నుంచి. అక్కడ గ్రెనాష్ అనే ద్రాక్ష రకానిదే పెద్దపీట. పండు రుచి, ఆల్కహాల్ దానివే. సిరా కలిపితే రంగు, మిరియాల వాసన వస్తాయి. మూర్వెద్ర్ అనే మరో రకం వగరును, గట్టిదనాన్ని ఇస్తుంది. ఉత్తరం నుంచి విసురుగా వీచే మిస్త్రాల్ గాలి గుత్తుల్లో తడి ఆరబెట్టి బూజును దూరం పెడుతుంది.

ఇక నాణ్యత మెట్లు. ‘కోట్ దు రోన్’ అని మాత్రమే ఉంటే కింది మెట్టు. పక్కన ‘విలాజ్’ (గ్రామాలు) చేరితే ఒక మెట్టు పైకి, దానికి ఊరి పేరు కూడా తోడైతే ఇంకాస్త పైకి. అన్నిటికన్నా పైన క్రూలు, అంటే సొంత పేరు మీదే హోదా దక్కిన ఊళ్ల వైన్లు: జిగొందాస్ (1971లో దక్కింది), వకేరాస్ (1990లో), కైరాన్ (2016లో) వంటివి. వాటి మీద ఊరి పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. నన్నడిగితే విలాజ్ దగ్గర ఆగండి, పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

2. సంవత్సరం చూడండి

మామూలు కోట్ దు రోన్ దాచుకునే సరుకు కాదు. పంట ఏడాది నుంచి మూడు నాలుగేళ్లలోపు తాగేయాలి. షాపులో ఎండ తగిలే చోట నిలబెట్టిన సీసా వద్దు.

3. చల్లబరచండి

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్నది చలిదేశాల ఇళ్లకు కుదిరే మాట. దీనికి కావాల్సింది 15–17 డిగ్రీలు. విజయవాడ ఎండాకాలంలో అలాగే పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఏమీ తెలియదు. గంట, గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచండి. ఏసీ ఇంట్లో అరగంట చాలు.

4. పోయండి

గ్లాసులో మూడో వంతే పోసి, తిప్పి, వాసన చూశాక గుక్క వేయండి. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజులు బాగుంటుంది.

5. తోడుకు ఏం పెట్టాలి?

రోన్ దక్షిణాన దీన్ని గొర్రె మాంసంతో తాగుతారు. మన వంటల్లో కారం తగ్గించి చేసిన మిరియాల మటన్ వేపుడు చక్కగా కుదురుతుంది. ఆవకాయ మాత్రం దగ్గరికి రానివ్వకండి. ఆల్కహాల్ తగిలితే కారం మంట ఇంకా పెరుగుతుంది.