మామిడి తోటలో మందు కొట్టే ముందు

చిత్తూరు వైపు తోతాపురి పూత మీద తేనెమంచు పురుగు కనబడగానే డ్రమ్ము, పైపు బయటికొస్తాయి. కాస్త ఆగి ఇవి చూసుకోండి.

• డబ్బా మీది రంగు త్రికోణం. ఎరుపు అంటే నోటి ద్వారా ఎల్‌డీ50 కిలో శరీర బరువుకు 1–50 మిల్లీగ్రాములే. ఎల్‌డీ50 అంటే పరీక్షలో సగం జంతువులు చనిపోయే మోతాదు, అది ఎంత తక్కువైతే మందు అంత విషం. పసుపు 51–500, నీలం 501–5000, ఆకుపచ్చ అంతకు పైన. ఆకుపచ్చే కదా అని చేత్తో కలిపేస్తారు కొందరు. ఈ లెక్క ఒక్కసారిగా ఒంట్లోకి పోయే విషానిదే. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగిలితే ఏమవుతుందో రంగు చెప్పదు.

• చిక్కటి మందు కొలిచేటప్పుడే ఎక్కువ ప్రమాదం, చర్మం నుంచీ లోపలికి పోతుంది. నైట్రైల్ (ఒక రకం రబ్బరు) గ్లౌజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. మొహానికి తువ్వాలు చాలదు. తడిస్తే మందును ముక్కుకే అంటిస్తుంది.

• గాలికి ఎదురుగా కొట్టొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు.

• తేనెటీగలు తిరిగే పొద్దున వద్దు, సాయంత్రం కొట్టండి.

• ఆర్గానోఫాస్ఫేట్ (నరాల మీద పనిచేసే ఒక రకం పురుగుమందు) అయితే చెమటలు, నోట్లో నీళ్లూరడం, కంటిపాప సూదిమొనంత కావడం విషం ఎక్కిన గుర్తులు, గమనించండి. ఇవి కనబడితే వెంటనే పని ఆపి, బట్టలు మార్చి, ఒళ్లు సబ్బుతో కడిగి 108కి ఫోన్ చేయండి. డాక్టరుకు చూపించడానికి డబ్బా లేబుల్ వెంట తీసుకెళ్లండి.