పంటు మీద ఫిజిక్స్, స్టార్టర్ డబ్బాలో కంప్యూటర్: ఏ పుస్తకం ఎలా చదవాలి

రాజోలు నుంచి సఖినేటిపల్లి పోయే రోడ్డు మీద మా షాపు. ముప్పై ఏళ్లు రేడియోలు, టీవీలు విప్పాను. ఇప్పుడు పాడైన టీవీని బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. రొయ్యల చెరువుల ఏరేటర్ (నీటిలో గాలి కలిపే మోటారు యంత్రం) స్టార్టర్లు, ఇన్వర్టర్ బోర్డులే ఎక్కువ వస్తున్నాయి. బల్ల వెనక అల్మారాలో పై అరల నిండా స్పేర్ పార్టులు, కింది అరల నిండా పుస్తకాలు. ఛార్జర్ కోసం వచ్చిన టెన్త్, ఇంటర్ పిల్లలు వాటిని చూసి "ఏది చదవమంటారండీ?" అంటారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "నీకు ఏది అర్థంకాక చిరాగ్గా ఉందిరా?"

లిస్టు ఇస్తే ఎవరూ చదవరు. నేనూ చదవలేదు. వయసులో ఉండగా విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర 'ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్' కనబడింది. హొరోవిట్జ్, హిల్ అనే ఇద్దరు రాసింది, 1980లో మొదటిసారి వచ్చింది. పెద్ద మెకానిక్ అవ్వాలంటే పెద్ద పుస్తకం చదవాలి కదా అని డబ్బులన్నీ పెట్టి కొనేశాను, బస్సు ఛార్జీకి మాత్రం మిగుల్చుకుని. నాలుగేళ్లు అది సోల్డరింగ్ ఐరన్ కింద పీటలా పడి ఉంది. అట్ట మీద కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. తప్పు పుస్తకానిది కాదు, నా దగ్గర దాన్ని అడగడానికి ప్రశ్న లేదు, అంతే.

కాబట్టి మొదట ప్రశ్న పట్టుకోండి. మన డెల్టాలో వాటికి కరువు లేదు.

సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళ్లేటప్పుడు ఫోన్ జేబులో పెట్టి పంటు ముక్కు ఎటు ఉందో చూడండి. ఎదుటి రేవుకి సూటిగా ఉండదు. ఆటు వేళ నీరు సముద్రంకేసి లాగుతుంది కాబట్టి ముక్కు కాస్త ఎగువకి తిప్పుతారు. పోటు వేళ నీరు వెనక్కి ఎగదన్నుతుంది, అప్పుడు ముక్కు దిగువకి. ఇంటర్ ఫస్టియర్‌లో సాపేక్ష వేగం అని మీరు బట్టీ పట్టే లెక్క ఇదే. నిలకడ నీటిలో పంటు వేగం గంటకి 10 కిలోమీటర్లు, నీటి వడి 6 అనుకోండి. సూటిగా దాటాలంటే ఆ 10లో కొంత నీటితో పోరాడ్డానికే పోతుంది, అడ్డంగా మిగిలేది 8. 6, 8, 10 పక్కపక్కన రాసుకుని చూస్తే పైథాగరస్ కనబడతాడు. ఇక ఇవాళ పోటు వచ్చిన టైముకి రేపు రాదు, ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఎందుకు? ఇది పట్టుకుని పుస్తకం దగ్గరికి రండి.

ఫిజిక్సులో నేను ముందు ఇచ్చేది యాకోవ్ పెరెల్మాన్ 'ఫిజిక్స్ ఫర్ ఎంటర్‌టైన్‌మెంట్'. 1913 నాటి రష్యన్ పుస్తకం. ఒకప్పుడు విశాలాంధ్ర షాపుల్లో సోవియట్ పుస్తకాలు కారుచౌకగా దొరికేవి. 1991లో ఆ దేశమే లేకుండా పోయాక అవి రావడం ఆగింది. ఇంగ్లిష్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఇందులో వరస అక్కర్లేదు, ఏ పేజీ తెరిచినా మొదలుపెట్టచ్చు. ఉడికిన గుడ్డునీ పచ్చి గుడ్డునీ పగలగొట్టకుండా, తిప్పి ఎలా పోల్చుకోవాలో ఉంటుంది. చదివి వదిలేయకండి, వంటింట్లోకి వెళ్లి తిప్పండి. పచ్చి గుడ్డు బద్ధకంగా తిరుగుతుంది. తిరుగుతున్నదాన్ని వేలితో క్షణం ఆపి వదిలితే మళ్లీ కదులుతుంది, లోపలి సొన ఇంకా ఆగలేదు కదా. మా ఇంట్లో ఈ ప్రయోగానికి రెండు గుడ్లు గచ్చు మీద పడ్డాయి. మా ఆవిడకి ఇప్పటికీ పెరెల్మాన్ పేరంటే పడదు.

తెలుగులోనే కావాలంటే మహీధర నళినీమోహన్. మన ముంగండ మహీధర వారి కుటుంబం, స్వయంగా భౌతిక శాస్త్రవేత్త. 'కేలెండర్ కథ', 'పిడుగు దేవర కథ' ఆయనవే. ఎనిమిదో తరగతి పిల్లలకి అచ్చంగా సరిపోతాయి, ఇంజనీరింగ్ చదివినవాళ్లకి కూడా తెలియని సంగతులు ఉంటాయి. ఇంకా చిన్నపిల్లలకైతే జన విజ్ఞాన వేదిక వాళ్ల 'చెకుముకి' పత్రిక.

తరవాత హెచ్.సి. వర్మ 'కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్', రెండు భాగాలు. ఐఐటీ కోచింగ్ పుస్తకం అని అందరూ భయపడతారు. ఆయన రాసిన ఇంగ్లిష్ మాత్రం మన పేపర్ల ఇంగ్లిష్ కంటే తేలిక. ప్రతి అధ్యాయం చివర చిన్న జవాబు ప్రశ్నలుంటాయి, లెక్కలు అక్కర్లేనివి. కోచింగ్‌లో అవి వదిలేసి నేరుగా లెక్కల మీద పడతారు. మీరు అటునుంచి రండి. ఒక్క ప్రశ్న తీసుకుని ఇద్దరు ముగ్గురు ఏటిగట్టు మీద కూర్చుని గొడవపడండి. నోటితో చెప్పలేనిది లెక్కలో వచ్చినా అది మీకు వచ్చినట్టు కాదు. ఫైన్‌మన్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త లెక్చర్లు కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్ల సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1961 నుంచి 63 దాకా కాలేజీ పిల్లలకి చెప్పిన పాఠాలవి. ఇంటర్ అయ్యాక చూద్దురుగాని, ఇప్పుడు తొందరేం లేదు.

లెక్కలకి వద్దాం. కోనసీమ వాళ్లం కాబట్టి కొబ్బరికాయలతోనే. మార్టిన్ గార్డ్‌నర్ అని 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో ఇంచుమించు పాతికేళ్లు లెక్కల కాలమ్ రాసినాయన ఉన్నాడు. ఆయన వివరించిన పాత చిక్కు ఇది. ఒక దీవిలో ఐదుగురు నావికులు, ఒక కోతి. పగలంతా కాయలు పోగేసి, పొద్దున్న పంచుకుందామని పడుకున్నారు. రాత్రి ఒకడు లేచి, కోతికి ఒక కాయ ఇచ్చి, మిగిలినవాటిలో ఐదో వంతు దాచేసుకుని పడుకున్నాడు. ఒకరి తరవాత ఒకరు ఐదుగురూ ఇదే పని చేశారు. పొద్దున్న మిగిలినవి ఐదుగురికీ సరిగ్గా సమానంగా వచ్చాయి. మొదట కనీసం ఎన్ని కాయలు?

దీనికి పోల్యా అనే ఆయన పుస్తకం తోడు పెట్టుకోండి, 'హౌ టు సాల్వ్ ఇట్', 1945. పెద్ద లెక్క రాకపోతే దానిలాంటి చిన్న లెక్క చెయ్యి అంటాడు. ఐదుగురి బదులు ముగ్గురిని పెట్టి చూడండి, దాచుకునేది మూడో వంతు. 25 దగ్గర కుదురుతుంది: 25, 16, 10, 6, పొద్దున్న తలా రెండు. ఇప్పుడు ఐదుగురికి వెళ్లండి. జవాబు 3121. అది ఎలా వచ్చిందన్నదే అసలు సరదా. కుప్పలో కాయలే లేవు, పైగా నాలుగు కాయలు అప్పు అనుకోండి. కోతికి ఒకటి ఇస్తే అప్పు ఐదు అవుతుంది. మొదటివాడు తన ఐదో వంతుగా ఒక కాయ అప్పు నెత్తినేసుకుంటాడు. మళ్లీ నాలుగే మిగిలింది! ఎంతమంది లేచినా ఆ నాలుగు కదలదు. అప్పు కాయలు చేతికి రావు కదా. అందుకని ఐదుసార్లు ఐదుతో భాగించినా తెగే సంఖ్య, అంటే 5ని ఐదుసార్లు గుణిస్తే వచ్చే 3125 తెచ్చి దానికి కలపాలి. 3125లోంచి నాలుగు తీస్తే 3121. దీన్ని మొదటిసారి చూసిన రోజు నేను సోల్డరింగ్ ఆపి కాసేపు రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

ఇలాంటివి మనకి కొత్త కాదు. పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కలు కుదరవనేవాళ్లకి ఆ పేరు చెప్పండి.

ఇంతకీ పిల్లల చేతికి ఇలాంటి పుస్తకం వెళ్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. మా మేనల్లుడు చదివిన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో, పెట్టెలో పెరెల్మాన్ దొరికిందని వార్డెన్ లాక్కున్నాడు, సిలబస్ కాదని. వాడు సంక్రాంతికి ఇంటికొచ్చి చెప్పేదాకా మాకు తెలీదు. ఆ పుస్తకం తిరిగి రాలేదు. హాస్టల్లో ఉన్నవాళ్లు ఇలాంటివి ఇంటి దగ్గరే ఉంచుకుని సెలవుల్లో చదువుకోండి, టెన్షన్ ఉండదు.

ఎలక్ట్రానిక్స్. ఇక్కడ పుస్తకం ఒక్కటే సరిపోదు, చేతిలో వస్తువు ఉండాలి. ఒక చవక మల్టీమీటర్, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా పార్టులు గుచ్చి కలిపే పలక), 9 వోల్టుల బ్యాటరీ, గుప్పెడు రెసిస్టర్లు, నాలుగు ఎల్‌ఈడీలు చాలు. ఫారెస్ట్ మిమ్స్ 'గెటింగ్ స్టార్టెడ్ ఇన్ ఎలక్ట్రానిక్స్' తెరవండి. 1983 పుస్తకం, అక్షరాలూ బొమ్మలూ అన్నీ ఆయన చేత్తో రాసినవే. మన క్లాసులో బాగా చదివే కుర్రాడి నోట్సులా ఉంటుంది. మొదట చేసేది ఎల్‌ఈడీ వెలిగించడం. ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది, మిగిలిన 7 రెసిస్టర్ మీద. 470 ఓమ్‌లు పెడితే 15 మిల్లీఆంపియర్లు. లెక్క ముందు కాగితం మీద వేసి, తరవాత మీటరుతో కొలవండి. అంకె తేడా వస్తే సంతోషించండి, ఎందుకొచ్చిందో వెతకడానికి పని దొరికింది.

ఆ పెద్ద పుస్తకం, 'ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్', నాకు ఎప్పుడు తెరుచుకుందో చెప్తాను. ఒక ఆంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్ మాటిమాటికీ కాలిపోతుంటే విసుగొచ్చి ఆ పుస్తకం తీశాను. ట్రాన్సిస్టర్ల అధ్యాయంలో ఒక బొమ్మ ఉంది. ట్రాన్సిస్టర్ లోపల చిన్న మనిషి నిలబడి, బేస్ అనే కాలులోకి వచ్చే చిన్న కరెంట్ మీటరు చూస్తూ, దాన్ని బట్టి పెద్ద కరెంట్‌ని తిప్పుతుంటాడు. అరే, వీడు మన కాలవ లస్కరే కదా అనిపించింది! లస్కరు గేజీ చూసి షట్టర్ తిప్పుతాడు, నీళ్లు మాత్రం ఆయనవి కావు, పైనుంచి వస్తాయి. ట్రాన్సిస్టర్ కూడా కరెంట్ పుట్టించదు, వదులుతుంది. ఆ రోజు నుంచి ఆ పుస్తకం సోల్డరింగ్ ఐరన్ కింది నుంచి అల్మారాలోకి ఎక్కింది.

ఇక కంప్యూటర్. పిల్లలందరూ నేరుగా కోడింగ్ అంటారు. నేను వాళ్లని ముందు ఏరేటర్ స్టార్టర్ దగ్గరికి లాగుతాను. డబ్బా మీద పచ్చ బటన్, ఎర్ర బటన్. పచ్చది నొక్కి వేలు తీసేసినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఎలా? నొక్కగానే లోపల కాయిల్‌కి కరెంట్ వెళ్లి ఇనపముక్కని లాగుతుంది. మూడు పెద్ద కాంటాక్టులు కలిసి మోటారుకి మూడు ఫేజులూ వెళ్తాయి. వాటితోపాటు పక్కన నాలుగో చిన్న కాంటాక్టు కూడా కలుస్తుంది. అది పచ్చ బటన్‌కి సమాంతరంగా కట్టి ఉంటుంది. మీరు వేలు తీసినా ఆ చిన్న కాంటాక్టు మీ వేలులా నొక్కుతూనే ఉంటుంది. ఎర్ర బటన్ ఆ దారిని తెంపుతుంది. అంటే ఈ డబ్బాకి ఒక విషయం గుర్తుంటుంది, చివర నొక్కింది పచ్చా ఎర్రా అని. కంప్యూటర్ వాళ్ల లెక్కలో ఇది ఒక బిట్ జ్ఞాపకం. కరెంట్ పోతే మరిచిపోతుంది, వచ్చాక తనంతట తాను మొదలవదు. అందుకే రైతు అర్ధరాత్రి లేచి చెరువు దగ్గరికి పరిగెత్తేవాడు, ఫోన్‌తో ఆన్ చేసే స్టార్టర్లు వచ్చేదాకా.

ఇది అర్థమయ్యాక చార్లెస్ పెట్జోల్డ్ 'కోడ్' ఇస్తాను. 1999లో వచ్చింది, రెండో ఎడిషన్ 2022లో. రాత్రిపూట టార్చిలైట్లతో కబుర్లు చెప్పుకునే పిల్లలతో మొదలై, టెలిగ్రాఫు, రిలేలు (మన స్టార్టర్‌లోలాగా కాయిల్ లాగితే కలిసే స్విచ్‌లు), ఆ రిలేలతో కూడికలు, ఆ రిలేలతో జ్ఞాపకం, అలా మొత్తం కంప్యూటర్ దాకా మెట్టు మెట్టుగా ఎక్కిస్తుంది. మధ్యలో కష్టం పెరుగుతుంది, అబద్ధం ఎందుకు? అప్పుడు స్టార్టర్ బొమ్మ మళ్లీ గీసుకోండి.

ప్రోగ్రామింగ్‌కి లాప్‌టాప్ లేదని ఆగకండి. ఫోన్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నడిపే యాప్‌లున్నాయి. అల్ స్వైగార్ట్ 'ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్' ఆన్‌లైన్‌లో ఉచితం. మొదటి వారం అయ్యేసరికి ఆ కొబ్బరికాయల లెక్క ప్రోగ్రామ్‌గా రాయండి, 1 నుంచి ఒక్కో సంఖ్యనీ పరీక్షించేలా. రెప్పపాటులో 3121 వస్తుంది. ఒకడు అది చూపించి "అయిపోయిందండి" అన్నాడు. "మరి అది 3125కి సరిగ్గా నాలుగే ఎందుకు తక్కువ?" అంటే తల గోక్కున్నాడు. ఇంజనీరింగ్‌కి వెళ్లేవాళ్లు కెర్నిహన్, రిచీ రాసిన సి అనే ప్రోగ్రామింగ్ భాష పుస్తకం చదవండి. సన్నటి పుస్తకం, అభ్యాసాలు మాత్రం ఒక్కటీ వదలద్దు.

ఇంగ్లిష్ భయం సంగతి. నేను తెలుగు మీడియం, టెన్త్‌తో ఆపేసినవాణ్ణి. నా పద్ధతి ఇది: అధ్యాయాన్ని మొదటిసారి బొమ్మలే చూస్తాను. రెండోసారి పెన్సిల్‌తో తెలియని మాట కింద గీత, డిక్షనరీ మాత్రం తియ్యను. మూడోసారి ఒక్కో పేరా తెలుగులో రెండు లైన్లు రాస్తాను. పెద్ద మాటలు కష్టం కాదు, రెసిస్టెన్స్ అంటే రెసిస్టెన్సే. చిన్న మాటల దగ్గరే దెబ్బతింటాం. వోల్టేజ్ 'అక్రాస్' అంటారు, కరెంట్ 'త్రూ' అంటారు. వోల్టేజ్ రెండు చివరల మధ్య ఉండేది, కరెంట్ లోపలినుంచి పోయేది. ఈ రెండు చిన్న మాటల తేడా తెలిశాక మీటరు ఎక్కడ పెట్టాలో నన్ను అడగడం మానేస్తారు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. బ్యాటరీతో ఎన్ని ప్రయోగాలైనా చేయండి. గోడలో 230 వోల్టుల జోలికి, చెరువు దగ్గర త్రీఫేజ్ డబ్బా జోలికి ఒంటరిగా వెళ్లకండి. స్టార్టర్ చూడాలంటే షాపుకి రండి, కరెంట్ లేని పాతది విప్పి చూపిస్తాను. పాత టీవీల వెనక మూత అసలు తియ్యద్దు. ప్లగ్ పీకేసినా లోపల షాక్ దాచుకుని ఉంటుంది. నాకు తగిలింది కాబట్టి చెప్తున్నాను.

పుస్తకం తీసుకెళ్లేవాళ్లు బల్ల మీది నోట్‌బుక్‌లో పేరు, తేదీ రాయాలి. గడువు లేదు. 'కోడ్' మూడు నెలలుగా మలికిపురం కుర్రాడి దగ్గరుంది. మొన్న సెంటర్లో కనబడితే అడిగాను. "ఆయ్, మెమరీ చాప్టర్లో ఉన్నానండి, మా నాన్నగారి స్టార్టర్ బొమ్మ పేజీ పక్కన పెన్సిల్‌తో వేశాను, చెరిపేసి ఇమ్మంటారా?" అన్నాడు. అలాగే ఉంచమన్నాను.