అతిమధురం వైరస్‌ను అడ్డుకుంటుందన్న మాటను తూచి చూడటం, కషాయాన్ని జాగ్రత్తగా వాడటం

అతిమధురం వేరు వైరస్‌లను అడ్డుకుంటుందని విన్నప్పుడు, అది ఎక్కడ అడ్డుకుందో ముందుగా అడగాలి. గాజు పాత్రలో పెంచిన కణాల్లోనా, మనిషి ఒంట్లోనా? ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని ఎవరైనా కాగితం మీద లెక్క వేసుకోవచ్చు.

ఎండిన వేరును విరిస్తే గోధుమరంగు బెరడు కింద పసుపుపచ్చని పీచు కనిపిస్తుంది. నమిలితే తీపి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది కానీ, తెలిశాక చాలాసేపు నాలుకను వదలదు. ఆ తీపి ప్రధానంగా గ్లైసిరైజిన్ అనే సాపోనిన్‌ది. కుంకుడు రసానికి నురగనిచ్చేవి కూడా సాపోనిన్లే కాబట్టి, అతిమధురం కాచిన నీటిని సీసాలో పోసి కుదిపితే నురగ రావడంలో వింతేమీ లేదు. వేరులో గ్లాబ్రిడిన్, లికోచాల్కోన్ వంటి ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో ఉండే మరో రకం రసాయనాలు) కూడా ఉన్నాయి గానీ, వైరస్‌ల విషయంలో ఎక్కువ పరిశోధన జరిగింది గ్లైసిరైజిన్ మీదనే.

నోటి చుట్టూ పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌ను ఇది నిర్వీర్యం చేస్తుందని 1979లోనే ఇటలీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2003లో ఫ్రాంక్‌ఫర్ట్ పరిశోధకులు సార్స్ వైరస్ సోకిన కోతి మూత్రపిండ కణాలపై దీన్ని ప్రయోగించి, లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాముల గాఢత వద్ద వైరస్ వృద్ధి సగానికి తగ్గినట్లు చూపారు. 2021లో జర్మనీలోనే మరో బృందం, కోవిడ్ వైరస్‌కు కీలకమైన ప్రోటియేజ్ (ప్రోటీన్లను ముక్కలు చేసే) ఎంజైమును ఇది నిరోధిస్తుందని కణాల స్థాయిలో తేల్చింది. ఇవి నమ్మదగిన పరిశోధనలే. అయితే వీటి ఫలితాలు పాత్రలోని కణాలకు సంబంధించినవి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. దగ్గుకు 1.5 గ్రాముల వేరును 150 మిల్లీలీటర్ల మరిగే నీటిలో నానబెట్టి రోజుకు రెండుసార్లు తాగడం ఐరోపా ఔషధ సంస్థ పత్రంలో ఉన్న సంప్రదాయ మోతాదు. ఔషధ ప్రమాణానికి తగిన వేరులో కనీసం 4 శాతం గ్లైసిరైజిన్ ఉండాలి కాబట్టి, అదంతా నీటిలోకి దిగిందనుకున్నా కప్పుకు 60 మిల్లీగ్రాములు వస్తుంది. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుందనుకుంటే, లీటరుకు 300 మిల్లీగ్రాముల గాఢతకు 1,500 మిల్లీగ్రాములు, అంటే పాతిక కప్పుల సారం నేరుగా రక్తంలో కలవాలి. పైగా నోటి ద్వారా తీసుకున్న గ్లైసిరైజిన్‌ను పేగుల్లోని బాక్టీరియా గ్లైసిరెటినిక్ ఆమ్లంగా విడగొడుతుంది గనుక, అది తన అసలు రూపంలో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. జపానులో దీర్ఘకాలిక హెపటైటిస్‌కు (కాలేయ వాపుకు) దీన్ని ఇంజెక్షన్‌గా వాడటానికి ఇదొక కారణం. అక్కడ కూడా కాలేయ ఎంజైములు తగ్గాయే తప్ప హెపటైటిస్ సి వైరస్ రక్తం నుంచి తొలగిపోలేదు.

అలాంటప్పుడు కప్పుల సంఖ్య పెంచితే సరిపోదా అనిపించవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. గ్లైసిరెటినిక్ ఆమ్లం మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోన్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. ఫలితంగా ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్‌ను దాటవద్దని ఐరోపా ఆహార శాస్త్ర సంఘం 2003లో సూచించింది. పై లెక్క ప్రకారం రెండు కప్పులకే 120 అవుతుంది! అందువల్ల గొంతు ఉపశమనానికి రోజుకు ఒక కప్పుతో సరిపెట్టుకుని, వారం రోజులకు మించకుండా వాడటం మేలని నా అభిప్రాయం. వేరును కంటి అంచనాతో కాక తూచి వేయాలి. ఒకే పరిమాణంలో కనిపించే ముక్కల బరువుల్లో, సారంలో చాలా తేడా ఉంటుంది.

రక్తపోటు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భవతులు, మూత్రం జారీ అయ్యే మాత్రలు, గుండె మందు డిగాక్సిన్, స్టెరాయిడ్లు వాడుతున్నవారు అసలు తాగకూడదు. గ్లైసిరైజిన్ తొలగించినట్లు రాసి ఉన్న మాత్రల్లో ఈ ప్రమాదం చాలావరకు ఉండదు, కాకపోతే పైన చెప్పిన ప్రయోగాల్లో వైరస్‌ను అడ్డుకున్న పదార్థం కూడా వాటిలో ఉండదు.

కాళ్ళ వాపు, తలనొప్పి, కండరాల నీరసం, గుండె దడ కనిపిస్తే కషాయం వెంటనే ఆపి వైద్యుణ్ణి కలవాలి. అతిమధురం తాగుతున్న సంగతి ఆయన అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే మానేసిన తర్వాత కూడా దాని ప్రభావం కొన్ని వారాలు నిలిచి ఉండవచ్చు.